ఇంటికప్పుపై విద్యుత్తు పంట

తాను పండించిన ధాన్యమును తినుటయు, మిగిలినదానిని అంగడికి పంపుటయు కోవూరు రైతునకు క్రొత్త గాదు. విద్యుత్తు విషయమునను ఇప్పుడు ఈ పద్ధతియే వచ్చినది. కేంద్ర ప్రభుత్వమువారు 2024 ఫిబ్రవరిలో సూర్యఘర్ పథకమును ప్రారంభించి, కోటి ఇండ్లపై సౌరఫలకములు అమర్చ సంకల్పించిరి. ఒక కిలోవాటునకు 30,000 రూపాయలు, రెండింటికి 60,000, మూడు గాని అంతకు మించి గాని యైనచో 78,000 సహాయముగా నిత్తురు. తక్కిన సొమ్ము గృహస్థునిదే. కావున అప్పు చేయుటకు ముందే లెక్క తెలిసికొనవలెను.

ఒక కిలోవాటు ఫలకములకు నూరు చదరపు టడుగుల నీడలేని మిద్దె కావలెను. మంచి యెండలో అవి దినమునకు సుమారు నాలుగు యూనిట్లిచ్చును. రెండు కిలోవాట్లు గల యింట దినమునకు ఎనిమిది యూనిట్లు పుట్టెననుకొందము. పగలు రెండు వాడుకొనగా ఆరు తీగలోనికి పోవును. రాత్రి నాలుగు తీగనుండి వచ్చును. ఈ రాకపోకలను రెంటిని కొలుచునదే నెట్ మీటరు. దినమునకు రెండు, నెలకు అరువది యూనిట్లు మన జమ. తీగ మనకు గాదెవంటిదన్నమాట. కార్తీక మార్గశిరముల ముసురులో పంట తగ్గును గనుక ఆ జమ అప్పు డక్కరకు వచ్చును.

అయితే మిగులునకు వచ్చు వెల మనము కొను వెలకంటె సాధారణముగా తక్కువ. కావున ఏడాది బిల్లులు ముందుంచుకొని, వాడుకకు తగినంతయే పెట్టుడని మా సలహా. ఇంకొక మాట: తీగలో కరెంటు పోయినప్పుడు, స్తంభమెక్కిన పనివాని ప్రాణరక్షణకై ఇన్వర్టరు తానే ఆగిపోవును. బ్యాటరీ లేనియెడల ఎండ కాయుచున్నను ఇల్లు చీకటియే. మన తీరమున తుపానుగాలి, ఉప్పుగాలి రెండును గలవు. చట్రమును కాంక్రీటులో గట్టిగా బిగింపవలెను. తుప్పుపట్టని బోల్టులు వాడవలెను. నూర్పిళ్ల దుమ్మును ఉదయముననే చల్లనివేళ కడుగవలెను.

సంఘసభ్యులు తెలియదగిన దృష్టాంత మొకటి కలదు. 1946లో పాల ఉత్పత్తిదారుల సహకార సంఘము వెలసిన గుజరాతు ఖేడా ప్రాంతమున ఢుండి అను గ్రామమున్నది. అచ్చట 2016లో ఆరుగురు రైతులు డీజిలు ఇంజనులు మాని, సౌరపంపులు పెట్టి, సహకార సంఘముగా నేర్పడిరి. మడి తడిసిన పిమ్మట మిగిలిన విద్యుత్తును యూనిటు 4 రూపాయల 63 పైసలకు, 25 సంవత్సరముల ఒడంబడికతో పంపిణీ సంస్థకు అమ్మిరి. వెల వచ్చునది గనుక యూనిటును వ్యర్థము చేయుటకు మనసొప్పదు. యూనిటు మిగిలినచో నీరును మిగులును.

మన రాష్ట్రమున 2004 నుండి సేద్యపు విద్యుత్తు ఉచితము. దానివలన మేలు గలిగినది. కాని మోటారు ఆపుటకు కారణము లేకపోయినది. సముద్రమునకు చేరువనున్న బావులను మితిమీరి తోడినచో ఉప్పునీరు లోపలికి చొచ్చును. ఒకమారు చవుడెక్కిన నేలను బాగుచేయుట ఎంత కష్టమో రైతునకు మేము చెప్పనక్కరలేదు. కావున విద్యుత్తు పండించుటతోపాటు మిగుల్చుటయు నేర్వవలెను.

దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొనవలెను. ఈ నెల సభకు ప్రతి సభ్యుడును పండ్రెండు నెలల బిల్లులు, మిద్దె కొలత తెచ్చినచో, ఎవరికెన్ని కిలోవాట్లు తగునో కూడి లెక్కింతము.