ఇంజెక్షన్ వేయించుకోనా?

సమస్య: నాకు 32 ఏళ్లు. బట్టల షాపు నడుపుతున్నాను. పెళ్లయి మూడేళ్లయినా పిల్లలు లేరు. మా ఆవిడకు స్కానింగులు, రక్తపరీక్షలు అన్నీ చేయించాం, ఏ లోపమూ లేదన్నారు. డాక్టరమ్మ పట్టుబడితే ఈమధ్యే నేనూ పరీక్ష చేయించుకున్నాను. వీర్యకణాలు మిల్లీలీటరుకు 40 లక్షలే ఉన్నాయట. రెండు నెలల కిందట టైఫాయిడ్‌తో మంచం పట్టాను. జిమ్‌లో స్నేహితుడు టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ వేసుకుంటే కౌంట్ పెరుగుతుందంటున్నాడు. మా అమ్మేమో కోడల్నే ఆడిపోసుకుంటోంది. ఏం చేయను?
- పేరు వద్దు, కరీంనగర్

సలహా: ఆ ఇంజెక్షన్ జోలికి మాత్రం పోకండి. మగ హార్మోను బయటి నుంచి ఎక్కిస్తే, ఒంట్లో కావలసినంత ఉందనుకుని పిట్యూటరీ గ్రంథి వృషణాలను పురమాయించడం మానేస్తుంది. దాంతో వృషణాల్లో సొంతంగా తయారయ్యే హార్మోను పడిపోతుంది, కణాల ఉత్పత్తి ఆగుతుంది. కండలు పెరిగి కౌంట్ సున్నాకు దిగినవాళ్లున్నారు. ఇంజెక్షన్లు మానేశాక కోలుకోవడానికి నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాటుతుంది. మగవాళ్లకు గర్భనిరోధకంగా పరీక్షించి చూసింది ఈ హార్మోనునే మరి!

ఇక రిపోర్టు. ఒక వీర్యకణం తోకతో సహా తయారవడానికి సుమారు 74 రోజులు పడుతుంది. ఆ తర్వాత ఎపిడిడిమిస్ అనే సన్నటి గొట్టంలో కొన్నాళ్లుండి ఈదగలిగే శక్తి తెచ్చుకుంటుంది. అంటే మీరిచ్చిన శాంపిల్‌లోని కణాలు మూడు నెలల కిందట మొదలై, మీ జ్వరం మధ్యలోంచి వచ్చినవి. వృషణాలకు ఒంటి వేడి కన్నా రెండు మూడు డిగ్రీల చల్లదనం కావాలి, పెద్ద జ్వరం దాన్ని చెడగొడుతుంది. ఇంకో నెలన్నర ఆగి, రెండు నుంచి ఏడు రోజులు కలయికకు దూరంగా ఉండి, మళ్లీ పరీక్ష చేయించుకోండి.

అయితే మూడేళ్ల ఎదురుచూపును రెండు నెలల కిందటి టైఫాయిడ్ మీదికి నెట్టలేం. యూరాలజిస్టుకు చూపించుకోండి. వృషణాల దగ్గర సిరలు ఉబ్బే వేరికోసీల్ ఉందేమో చేత్తో తడిమే చెబుతారు, అవసరమైతే ఆపరేషన్ ఉంది. సిగరెట్టు, గుట్కా ఉంటే ఆపేయండి. మందు, బొజ్జ తగ్గించండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన కనీస హద్దు మిల్లీలీటరుకు కోటీ 60 లక్షలు. ప్రయత్నించిన ఏడాదిలోపే భార్య గర్భం దాల్చినవాళ్లలోనూ నూటికి అయిదుగురికి అంతకన్నా తక్కువే ఉంటాయి. కాబట్టి 40 లక్షలంటే అవకాశం తగ్గిందనే తప్ప దారి మూసుకుపోయిందని కాదు. పడకగది సామర్థ్యానికీ ఈ అంకెకూ సంబంధం లేదు.

నాకు కోపం తెప్పించింది మాత్రం వేరే సంగతి. వీర్యపరీక్ష చవకైనది, సూది పోటు కూడా ఉండదు. అది అన్నిటికన్నా ఆఖర్న జరగడమేమిటి? రిపోర్టు ఈ రోజే మీ ఆవిడ చేతికివ్వండి. అమ్మకు కూడా మీరే, మీ ఆవిడ పక్కనుండగా చెప్పండి: "అమ్మా, తనకు లోపం లేదు. వైద్యం నాకు జరగాలి."