సూద్ అంటే ఊరడించడం

ఈ వారం మన ఇంగ్లీషు మాట 'సూద్'.

రాసే తీరు: ఎస్, ఓ, ఓ, టి, హెచ్, ఇ. చివరి 'ఇ' మరిచిపోవద్దు. అది తీసేస్తే 'సూత్' అనే వేరే మాట అవుతుంది. దాని సంగతి కింద చెబుతాను. పలికేటప్పుడు నాలుక కొన పళ్లకు తగిలి, చివర 'ద' లాగా వినబడాలి.

అర్థం: డిక్షనరీలో 'ఉపశమింపజేయు' అని ఉంటుంది. అంత పెద్ద మాట మన ఇళ్లల్లో ఎవరూ అనరు. ఏడ్చేవాళ్లను ఊరడించడం, నొప్పిని కొంచెం తగ్గించడం అని గుర్తు పెట్టుకుంటే చాలు.

వాడుక:
1. మదర్ సూద్స్ ద బేబీ. అమ్మ బిడ్డను జోకొట్టి ఊరుకోబెడుతుంది.
2. వార్మ్ సాల్ట్ వాటర్ సూద్స్ ద థ్రోట్. గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలిస్తే గొంతుకు హాయిగా ఉంటుంది.
3. హర్ వర్డ్స్ సూద్డ్ మీ. ఆమె మాటలతో నా మనసు కుదుటపడింది.

'సూద్ టు ద బేబీ' అనకూడదు. మధ్యలో 'టు' రాదు.

తేడాలు: ఎవరైనా చనిపోతే ఓదార్చడం 'కన్సోల్'. కోపంగా ఉన్నవాళ్లను శాంతింపజేయడం 'పాసిఫై'. జబ్బు నయం చేయడం 'క్యూర్'. సూద్ వేరు, క్యూర్ వేరు. మలేరియా జ్వరానికి నుదుటి మీద తడిగుడ్డ వేస్తే అది సూద్ మాత్రమే. రక్తపరీక్ష చేయించి, డాక్టరు ఇచ్చిన మాత్రలన్నీ మింగితేనే క్యూర్.

మాట పుట్టుక: పాత ఇంగ్లీషులో 'సూత్' అంటే నిజం. షేక్‌స్పియర్ 'జూలియస్ సీజర్' నాటకంలో సీజర్‌ను హెచ్చరించే జోస్యుడిని 'సూత్‌సేయర్' అంటారు. అంటే నిజం చెప్పేవాడు. 'సూద్'కి కూడా మొదటి అర్థం 'నిజమని చూపించు'. తర్వాత అబద్ధానికైనా 'అవునవును' అని తలూపడం అయింది. 17వ శతాబ్దం చివరికి ఊరడించడం అనే అర్థం వచ్చింది.

ఇది తెలిశాక నాకు ఒకటి అనిపించింది. కొత్తగా చేరిన చిన్నపిల్లలు రాత్రిపూట అమ్మ కావాలని ఏడుస్తారు. 'రేపు మీ నాన్న వస్తాడులే' అంటే అప్పటికి ఊరుకుంటారు. రేపు నాన్న రాకపోతే ఇంకా ఎక్కువ ఏడుస్తారు, మన మాట మళ్లీ నమ్మరు. దానికన్నా 'సెలవులకు ఇన్ని రోజులుంది, రా లెక్కపెడదాం, నా పక్కన పడుకో' అంటే మేలు. అది నిజం, ఊరట కూడా. ఏడుపు ఆగింది కదా అని వదిలేయకుండా ఒళ్లు పట్టి చూడండి. కాలుతుంటే అర్ధరాత్రి అయినా మేడం గారిని లేపాలి.

మీ పని: మా ఇంట్లో కోయ మాట్లాడతాం. మీ ఇంట్లో ఏ భాషైనా సరే, ఊరడించడాన్ని ఏమంటారో కింద వదిలిన ఖాళీలో పెన్సిలుతో రాయండి. పక్కన సూద్‌తో ఒక సొంత వాక్యం కూడా రాయండి.

— తొమ్మిదో తరగతి విద్యార్థిని