బాలనెరుపు: ఆకు చేసేదేమిటి, చేయనిదేమిటి?



వార్షికోత్సవం అనగానే మీకు ఇస్త్రీ చొక్కా, గ్రూపు ఫోటో గుర్తుకు వస్తాయి. నాకు మాత్రం వాచిపోయిన కళ్ళు గుర్తుకు వస్తాయి. పదో తరగతిలోనే నా తల అక్కడక్కడా నెరిసింది. గదిలో అందరూ "తాతగారూ!" అని పిలిచేవారు. ఆ పిలుపు భరించలేక తాడేపల్లిగూడెం బజారులో ఒక కొట్లో "నల్ల గోరింటాకు" ప్యాకెట్ కొని పెట్టుకున్నాను. మొదటిసారి ఏమీ కాలేదు. కొన్నాళ్ళకు, వార్షికోత్సవానికి రెండు రోజుల ముందు, మళ్ళీ పెట్టుకున్నాను. ఉత్సవం రోజు తెల్లవారేసరికి నుదురు, చెవులు, కనురెప్పలు వాచిపోయాయి. ఆ ఏడాది గ్రూపు ఫోటోలో నేను లేను.

డాక్టరు గారు ప్యాకెట్ చూపించమన్నారు. ముందువైపు ఆకు బొమ్మ ఉంది. వెనుకవైపు చిన్న అక్షరాలలో ఒక రసాయనం పేరు ఉంది. ఆ రోజు నాకు ఆ పేరు పలకడం కూడా రాలేదు. తరువాత ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో చేరాక అదేమిటో తెలిసింది. అప్పుడు ఎవరూ నాకు చెప్పని సంగతులే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

1. వెంట్రుక ఎందుకు తెల్లబడుతుంది?

వెంట్రుక కుదురులో మెలనోసైట్లు అనే కణాలు ఉంటాయి. అవి మెలనిన్ అనే రంగును తయారుచేసి, పెరుగుతున్న వెంట్రుకకు అందిస్తాయి. ఆ సరఫరా ఆగితే వెంట్రుక తెల్లగా వస్తుంది. చర్మం దాటి బయటికి వచ్చిన వెంట్రుక గోరు వంటిది, దానిలో ప్రాణం ఉండదు. కనుక దాని మీద ఏది రాసినా అది పైపూతే.

మన దేశంలో 25 ఏళ్ళ లోపు జుట్టు నెరిస్తే బాలనెరుపుగా లెక్కిస్తారు. చాలామందికి ఇది తల్లిదండ్రుల నుంచి వచ్చేదే. కొందరిలో విటమిన్ బి12 లోపం, ఇనుము లోపం, థైరాయిడ్ జబ్బు కనిపిస్తాయి. పొగ తాగేవారిలోనూ ఇది ఎక్కువ. బి12 లోపం వల్ల నెరిసినప్పుడు, వైద్యం చేస్తే కొందరికి మళ్ళీ నల్లని వెంట్రుకలు వచ్చిన సందర్భాలు ఉన్నాయి. ఆకుకూరల్లో బి12 ఉండదు. గుడ్డు, పాలు, చేపల్లో ఉంటుంది. కాబట్టి హాస్టల్లో పెట్టే గుడ్డును పక్కవాడికి ఇచ్చేయకండి!

మనోవేదనకూ పాత్ర ఉంది. తీవ్రమైన ఒత్తిడి వల్ల ఎలుకల్లో రంగు కణాలకు మూలమైన కణాలు ఖర్చయిపోతాయని 2020లో హార్వర్డ్ శాస్త్రవేత్తలు చూపించారు. ఒత్తిడి తగ్గాక కొద్దిమంది మనుషుల్లో కొన్ని తెల్ల వెంట్రుకలు తిరిగి రంగు తెచ్చుకోవడాన్ని 2021లో కొలంబియా విశ్వవిద్యాలయం వారు గమనించారు. అందరికీ అలా జరుగుతుందని కాదు.

2. నల్ల ప్యాకెట్‌లో ఏముంది?

నిజమైన గోరింటాకు ఎన్నడూ నల్లగా పండదు. దానిలో ఉన్న లాసోన్ అనే పదార్థం తెల్ల వెంట్రుకకు ఇటుక ఎరుపు రంగు ఇస్తుంది. కొద్దిసేపట్లోనే నల్లగా పండిందంటే అందులో సాధారణంగా పారాఫినిలిన్ డయామిన్ (పి.పి.డి.) కలిసి ఉంటుంది. ఇది కొందరికి తీవ్రమైన అలర్జీ తెస్తుంది. మొదటిసారి ఊరుకున్న శరీరం దాన్ని గుర్తుపెట్టుకుని, తరువాతిసారి తిరగబడుతుంది. నాకు జరిగింది ఇదే.

పి.పి.డి. ఉన్న డై మీద ఇంగ్లీషుతో పాటు స్థానిక భాషలోనూ హెచ్చరిక ఉండాలన్నది మన దేశంలో నిబంధన. కనుబొమలకు, కనురెప్పలకు రాస్తే చూపు పోవచ్చని అందులో ఉంటుంది. వాడే ప్రతిసారీ ముందుగా చెవి వెనుక కొంచెం రాసి 24 గంటలు చూడాలి. ఒకసారి వాచినవారు ఇక ఎప్పుడూ వాడకూడదు.

3. గట్టు మీది గుంటగలగరాకు

మా అమ్మ కొల్లేరు పక్క చేలల్లో కూలికి కలుపు తీసేది. పీకి గట్టు మీద పారేసే కలుపులో గుంటగలగరాకు ఒకటి. చిన్న తెల్లని పూలు పూస్తుంది. నలిపితే రసం కాసేపటికి నల్లబడుతుంది. ఆయుర్వేదంలో దీన్నే భృంగరాజం అంటారు. మా ఇంట్లో డిగ్రీ పూర్తిచేసిన మొదటివాణ్ణి నేనే. ఆ మాట పట్టుకుని అమ్మ అడిగింది: "ఇంత సదివావు గదరా, ఈ ఆకు పనిచేత్తదో లేదో నువ్వే చెప్పు!"

నేను చెప్పిన జవాబు ఇది. ఈ ఆకు రసం ఇచ్చినప్పుడు ఎలుకల్లో వెంట్రుకల పెరుగుదల మెరుగుపడినట్లు ప్రయోగాల్లో కనిపించింది. నెరిసిన జుట్టు మనుషుల్లో మళ్ళీ నల్లబడుతుందనడానికి మాత్రం గట్టి రుజువు లేదు. ఈ ఆకు నూనె జుట్టును మెత్తగా ఉంచుతుంది. అంతవరకే నమ్మండి.

నూనె చేసే విధానం: శుభ్రంగా కడిగిన ఆకు దంచి రసం తీయాలి. రసానికి సమానంగా కొబ్బరినూనె గానీ నువ్వులనూనె గానీ కలిపి, చిటపటలు ఆగేవరకు సన్నని సెగ మీద కాచి, వడగట్టాలి.

ఒక జాగ్రత్త. తమ్మిలేరు, బుడమేరు మోసుకొచ్చే పట్టణాల మురుగు చివరికి కొల్లేరు చేరుతుంది. చేలల్లో కలుపుమందులు కొడుతున్నారు. చెరువుల్లో మందులు వాడుతున్నారు. నీటిలో ఉన్నది మొక్కలోకి వస్తుంది. కాబట్టి మురుగు కాలువ పక్కన, మందు కొట్టిన గట్టు మీద కోయవద్దు. పెరట్లో కుండీలో పెంచుకోవడం మేలు.

4. ఆకులతోనే రంగు వేసుకోవడం

పెడనలో కలంకారీ పనివారు గుడ్డను కరక్కాయ నీటిలో ఊరవేస్తారు. తుప్పు ఇనుమును బెల్లం నీళ్ళలో పులియబెట్టిన ద్రావణాన్ని దాని మీద అద్దుతారు. అద్దినచోట నల్లబడుతుంది. కరక్కాయలోని టానిన్లు ఇనుముతో కలిసి నలుపు ఇస్తాయి. మన అమ్మమ్మలు గోరింటాకును ఇనుప మూకుడులో నానబెట్టింది కూడా ఇందుకే. ఉసిరిపొడిలో, టీ డికాషన్‌లో టానిన్లు ఉన్నాయి.

మొదటి రోజు: పొట్టి జుట్టుకు సుమారు 50 గ్రాముల గోరింటాకు పొడి, ఒక చెంచా ఉసిరిపొడి, తగినంత చల్లారిన డికాషన్ ఇనుప మూకుడులో కలిపి రాత్రంతా ఉంచాలి.

రెండో రోజు: నూనె లేని తలకు పట్టించి, రెండు గంటల తరువాత ఉత్త నీటితో కడగాలి. రంగు ముదురు ఎరుపుగా ఉంటుంది.

నలుపు కావాలంటే: తరువాత నీలి ఆకు పొడిని గోరువెచ్చని నీటిలో కలిపి, పది పదిహేను నిమిషాలు ఆగి, గంటసేపు పట్టించాలి. రంగు ఒకటి రెండు రోజుల్లో ముదురుతుంది. ఆ రెండు రోజులు షాంపూ, కుంకుడుకాయ వద్దు.

కొనే పొడి మీద ఒక్క ఆకు పేరే ఉండాలి. ఆకు పొడులు కూడా కొందరికి పడవు. వీటినీ చెవి వెనుక రాసి చూడండి. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కనుక మొదళ్ళకు మళ్ళీ వేయక తప్పదు.

5. వెంటనే ఆసుపత్రికి ఎప్పుడు?

ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. డై పొరపాటున కడుపులోకి పోతే గొంతు వాచి ఊపిరి ఆగవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. ప్యాకెట్ కూడా వెంట తీసుకువెళ్ళండి. ఇంట్లో చిన్నపిల్లలకు అందేచోట డై ఉంచవద్దు. నెరుపుతో పాటు నీరసం, చేతులు కాళ్ళు తిమ్మిర్లు ఉంటే రక్తపరీక్ష చేయించుకోండి.

చివరిగా ఒక విన్నపం. నేను ఆ ప్యాకెట్ కొన్నది తెల్ల వెంట్రుకల వల్ల కాదు, "తాతగారూ" అన్న పిలుపు వల్ల. మీ గదిలో బాలనెరుపు ఉన్న తమ్ముడు ఉంటే అతణ్ణి పేరు పెట్టి పిలవండి. ఈ ఏడాది గ్రూపు ఫోటోలో అతణ్ణి ముందు వరుసలో నిలబెట్టండి. నా జుట్టు ఇప్పుడు సగం నెరిసింది. రంగు వేయడం మానేశాను. ఈసారి ఫోటోకు నేనూ వస్తున్నాను.