చాసర్‌ను చెవితో చదువు

ఫిల్మ్‌నగర్,
హైదరాబాద్.

చిట్టితల్లీ,

నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి ఈ తాతకు మనసు మనసులో లేదు. మధ్యయుగ ఇంగ్లిష్ సాహిత్యం పేపరు నీకు విసుగ్గా ఉందట. గైడు చదివి గట్టెక్కేస్తానన్నావట. ఆ కాలం వాళ్లంతా వట్టి మూఢులని కూడా తేల్చేశావట. హాస్టల్లో అన్నం సరిగ్గా తింటున్నావో లేదో ముందది రాయి.

మీ పేపరులోని కవి చాసర్‌నే తీసుకో. ఆయన నాటి మనిషి లెక్కలో భూమి లోకం నడుమ కదలకుండా ఉంది. దాని చుట్టూ ఒకదానిపై ఒకటిగా గోళాలు, చంద్రుడి నుంచి శని దాకా ఏడు గ్రహాలు, ఆ పైన నక్షత్రాలు. పైనున్నది కిందున్నదాన్ని నడుపుతుంది. ఒంట్లో రక్తం, కఫం, పసుపు పిత్తం, నల్ల పిత్తం. వాటి పాళ్లను బట్టే స్వభావం. ‘కాంటర్‌బరీ టేల్స్’ ప్రోలాగ్‌లో రీవ్ అనే పాత్రది పిత్త శరీరమని ఒక్కమాట అంటాడు చాసర్. ఆ మాటతో సన్నటి ఒళ్లు, ముక్కుమీద కోపం అన్నీ వినేవాడి కళ్ల ముందు నిలబడతాయి. వాతపిత్తకఫాల మాట వింటూ పెరిగిన పిల్లకు ఇది పరాయి ఎలా అవుతుంది?

మన ఫిల్మ్‌నగర్ వీధినే చూడు. దైవసన్నిధానం గుడిలో స్క్రిప్టుకు పూజ చేయించి, ముహూర్తానికి క్లాప్ కొట్టనిదే ఇక్కడ బండి కదలదు. మూఢం వచ్చిందంటే ఎంత పెద్ద నిర్మాతైనా కొత్త సినిమా వాయిదా వేసుకుంటాడు. కాంటర్‌బరీ కథల్లోని ‘నైట్స్ టేల్’లో జరిగేదీ ఇదే. పాలమన్ శుక్రహోరలో వీనస్ గుడికి, ఎమిలీ చంద్రహోరలో డయానా గుడికి, ఆర్సీట్ కుజహోరలో మార్స్ గుడికి వెళ్లి మొక్కుతారు. ఆర్సీట్ కోరినట్టే ఎమిలీ కోసం జరిగిన పోరు గెలుస్తాడు. గెలిచిన కాసేపటికే శని పంపిన ఉపద్రవానికి గుర్రం బెదురుతుంది, చివరికి అతడి ప్రాణం పోతుంది. ఆ హోరలు తీసేస్తే కథకు వెన్నెముక ఉండదు. సి.ఎస్. లూయిస్ ఈ లోకచిత్రం మీదే ‘ది డిస్కార్డెడ్ ఇమేజ్’ రాశాడు. ఆయన పోయాక 1964లో వచ్చింది. గైడు పక్కన పెట్టి అది చదువు. ఆ లోకాన్ని నమ్మమని ఎవరూ అనరు తల్లీ, కాసేపు అందులో కాపురం చెయ్యమంటారు, అంతే.

ఇక అసలు సంగతి. నువ్వు పైకి చదవడం లేదు! మీ తాత బతుకంతా డబ్బింగ్ థియేటర్లలోనే గడిచింది కనుక ఈ ఒక్క విషయంలో రాజీ పడడు. చాసర్ పోయింది 1400లో. కాక్స్‌టన్ కాంటర్‌బరీ కథల్ని అచ్చు వేసింది 1476 ప్రాంతంలో. ఆ నడుమ చేతిరాత ప్రతులే దిక్కు. అలాంటివి ఎనభైకి పైగా ఇప్పటికీ మిగిలాయి. ఒకరు చదువుతుంటే పదిమంది వినేవాళ్లు. ‘నైట్’ (knight) అనే మాటలో మొదటి ‘క’కారమూ పలికేది, నడుమ గొంతులోంచి గరగరా వచ్చే ధ్వనీ పలికేది. పాదం చివర ‘అ’ లాంటి చిన్న అచ్చు కూడా చాలాచోట్ల వినిపించేది. ఆ తర్వాత రెండు మూడు వందల ఏళ్లలో ఇంగ్లిష్ దీర్ఘాచ్చుల పలుకుబడే మారిపోయింది. ఇప్పటి ఉచ్చారణతో చదివితే లయ కుంటుతుంది, ప్రాసలు తప్పుతాయి. విసుగు రాక ఏమొస్తుంది?

మద్రాసులో వడపళని దగ్గర డబ్బింగ్ చెప్పే రోజుల్లో ఫిల్మును ముక్కలుగా కోసి లూపులు కట్టేవాళ్లు. కొన్ని క్షణాల బొమ్మ తెరమీద తిరుగుతూనే ఉండేది. పెదవి కలిసేదాకా అదే మాట చెప్పాలి. ఎన్నోసారికో ఆ మాట నోటికి సొంతమయ్యేది. మీ అమ్మమ్మ అప్పట్లో పొద్దుపోయేదాకా ఇడ్లీలు మూతపెట్టి కూర్చునేది, ఆ సంగతి ఇంకోసారి. నువ్వూ ప్రోలాగ్ మొదటి పద్దెనిమిది పాదాలూ లూపు కట్టుకో. రోజూ పైకి చదువు. రూమ్మేటు నవ్వితే నవ్వనీ.

మన కవి శ్రీనాథుడూ ఇంచుమించు చాసర్ కాలం వాడేనని మరవకు. 1993లో బాపు తీసిన సినిమాలో ఎన్టీఆర్ కట్టింది ఆయన వేషమే. చాసర్ తండ్రి ద్రాక్షసారా వర్తకుడు. చాసర్ స్వయంగా 1374 నుంచి లండన్ రేవులో ఉన్ని సుంకాలు చూసే ఉద్యోగి. శ్రీనాథుడి హరవిలాసం అంకితం పుచ్చుకున్న అవచి తిప్పయసెట్టి కూడా వర్తకుడే. ఇద్దరికీ సంత తెలుసు, సభా తెలుసు. వల్లభరాయుడి పేరున ఉన్న క్రీడాభిరామంలో మంచనశర్మ, టిట్టిభసెట్టి ఓరుగల్లు వీధుల్లో తిరుగుతూ ఎదురైన మనుషులందర్నీ చూపిస్తారు. దాన్ని ప్రోలాగ్ పక్కన పెట్టి ఒక వ్యాసం రాయి. మీ మేడమ్ కాదనరు.

చాసర్ కొడుకు లూయిస్‌కు పదేళ్లు. వాడికి లాటిన్ అంతగా రాదు. అందుకని 1391లో ఆ తండ్రి, ఆకాశాన్ని కొలిచే ఆస్ట్రోలేబ్ పరికరం ఎలా వాడాలో తేలిక ఇంగ్లిష్‌లో కూర్చుని రాశాడు. అది తలుచుకున్నప్పుడల్లా నీ పలకా బలపమే గుర్తొస్తాయి.

మాటలకు అర్థాలు కిందే ఇచ్చే రివర్‌సైడ్ చాసర్ కొనుక్కో, డబ్బు మీ అమ్మకు పంపాను. వచ్చే ఆదివారం అది పట్టుకుని ఇక్కడికి రా. తెలిసినవాళ్ల డబ్బింగ్ గది మధ్యాహ్నం రెండు గంటలు ఖాళీగా ఉంటుందట, నీ గొంతు రికార్డు చేయిద్దాం. చల్లనీళ్లు తాగి రాకు, గొంతు పట్టేస్తుంది.

ఇట్లు,
మీ తాతయ్య