వేరుశనగ ఆకును త్రిప్పి చూడుడు

వేరుశనగ ఆకుపై మచ్చ కనబడగానే మన రైతులు "తిక్క వచ్చినది" అందురు. మాట నిజమే. కాని తిక్క ఒకటి కాదు, రెండు. దగ్గర సంబంధముగల రెండు శిలీంధ్రములు వీటిని కలిగించును. సెర్కోస్పోరా అరాకిడికోలా వలన ముందుగా వచ్చు మచ్చయు, పూర్వము సెర్కోస్పోరా పర్సనేటా అని పిలువబడిన దాని వలన ఆలస్యముగా వచ్చు మచ్చయు ఏర్పడును. ఈ రెండవదాని పేరును శాస్త్రజ్ఞులు పలుమార్లు మార్చినారు. ఆ గొడవతో మీకు పని లేదు.

మచ్చలున్న ఆకునొకదానిని త్రుంచి వెనుకకు త్రిప్పుడు. మా విద్యార్థులు సైతము మొదట పైవైపు మాత్రమే చూచి పొరపడుదురు. ముందు మచ్చ పైన గోధుమరంగుగను, అడుగున లేతగను ఉండును. సిద్ధబీజములు ఎక్కువగా పైవైపుననే పుట్టును. ఆలస్యపు మచ్చ చిన్నది, గుండ్రనిది, అడుగున నల్లనిది. భూతద్దముతో చూచినచో ఆ నలుపులో సిద్ధబీజముల గుంపులు వలయములుగా అగపడును. ముందు మచ్చ చుట్టు పసుపు అంచు సాధారణమే కాని, రకమును బట్టి, వాతావరణమును బట్టి అది మారును. దానినే నమ్ముకొనవద్దు.

మొదటిది విత్తిన నెలకే రావచ్చును. రెండవది సాధారణముగా ఊడలు దిగిన పిమ్మట వచ్చి, తుప్పు తెగులుతో కలిసి చేనును త్వరగా బోడి చేయును. రకమును ఎన్నుకొనుటకు కూడ ఈ తేడా ముఖ్యము. ధార్వాడలో రూపొందిన జి.పి.బి.డి.-4 ఆలస్యపు మచ్చను, తుప్పును తట్టుకొనును, టి.ఎం.వి.-2 రెండు మచ్చలకును లొంగును.

రెండింటికిని మూలము పాత చేని చెత్తయు, తనంతట మొలచిన మొక్కలును. కావున వాటిని తీసివేసి, వేసవిలో లోతుగా దున్ని, మరుసటి ఏడు జొన్న గాని సజ్జ గాని వేయుడు. మచ్చలు కనబడగానే ఎకరాకు మాంకోజెబ్ 400 గ్రాములు, కార్బెండజిమ్ 200 గ్రాములు 200 లీటర్ల నీటిలో కలిపి చల్లవలెను. రెండు వారములకు మరల చల్లవలెను. ఆకు అడుగు తడవనిచో మందు సగము వృథా.

ఆకు రాలినంత మాత్రమున చేను పండినదనుకొని పీకవద్దు. నాలుగు చోట్ల మొక్కలు లాగి కాయలు ఒలిచి చూడుడు. డొల్ల లోపలివైపు గోధుమరంగుకు తిరిగిన కాయలే పండినవి. అయితే ఆకు పూర్తిగా రాలిన చేనులో ఊడలు బలహీనపడి కాయ నేలలోనే తెగిపోవును. అట్టి చేనును ఎక్కువ దినములు నిలుపరాదు.