వాగు పురుగుల హాజరుపట్టీ



మన సబ్బవరం హాస్టల్లో చేరిన రోజు మొదట రాసేది ఇంటిపేరు, పేరు, ఊరు. అవి రిజిస్టరులో ఎక్కితేనే మనకు కంచం, దుప్పటి. నీటిపురుగులకు కూడా ఇలాంటి రిజిస్టరు ఉందని ఎమ్మెస్సీ జువాలజీలో చేరాకే మాకు తెలిసింది. కాడిస్ ఈగల పట్టిక గురించి ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

కాడిస్ ఈగ అంటే ఏమిటి?

పేరుకు ఈగే గాని ఇది సీతాకోకచిలుకలకు దగ్గర బంధువు. రెక్కలమీద పొలుసులకు బదులు సన్నని వెంట్రుకలు ఉంటాయి. అందుకే 1813లో కిర్బీ ఈ క్రమానికి 'ట్రైకాప్టెరా' అని పేరు పెట్టారు. గ్రీకు భాషలో 'వెంట్రుకల రెక్కలు' అని అర్థం. దీని లార్వా నీటిలో పెరుగుతుంది. నోటి దగ్గర నుండి పట్టుదారం తీసి, ఇసుక రేణువులో ఆకుముక్కలో అతికించి గూడు కట్టుకుంటుంది. కొన్ని జాతులు రాళ్ళ మధ్య వల అల్లి, కొట్టుకొచ్చే ఆహారాన్ని పట్టుకుంటాయి. ఫీల్డు ట్రిప్పుకు అనంతగిరి వెళ్ళినప్పుడు వాగులో రాయి తిరగేస్తే, గోరంత ఇసుక గొట్టం మా కళ్ళముందే నడిచింది!

పట్టికలో ఎలా ఎక్కిస్తారు?

రాత్రిపూట వాగు పక్కన తెల్లగుడ్డ కట్టి దీపం పెడితే పెద్ద పురుగులు వచ్చి వాలతాయి. వాటిని ఆల్కహాలులో భద్రపరుస్తారు. పైకి చాలా జాతులు ఒకేలా కనిపిస్తాయి కాబట్టి మగపురుగు పొట్ట చివరి జననాంగాలను మైక్రోస్కోపులో చూసి జాతిని తేలుస్తారు. కొత్త జాతి అయితే ఒక నమూనాను మ్యూజియంలో శాశ్వతంగా ఉంచుతారు. తర్వాత ప్రజాతి పేరు, జాతి పేరు, వర్ణించినవారు, సంవత్సరం, దొరికిన చోటు రాస్తారు. మన ఇంటిపేరులాగే ప్రజాతి పేరు ముందు వస్తుంది. ఉదాహరణకు 1980లో వర్ణించిన స్టెనోసైకీ కొడైకెనాలెన్సిస్ పేరులోనే కొడైకెనాల్ ఉంది. ఒకే జాతికి ఇద్దరు రెండు పేర్లు పెడితే, సాధారణంగా ముందు పెట్టినదే నిలుస్తుంది. రెండోదాన్ని పర్యాయనామంగా కింద రాస్తారు.

ఎవరు రాశారు?

1930ల నుండి మార్టిన్ మోస్లీ బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో భారతదేశపు కాడిస్ ఈగల గురించి వరుసగా రాశారు. తర్వాత ఫెర్నాండ్ ష్మిడ్ మన దేశంలో తిరిగి సేకరించి, ఎన్నో కొత్త జాతులను వర్ణించారు. పాటియాలాలోని పంజాబీ విశ్వవిద్యాలయం వారు కూడా ఈ పని చేశారు. నేడు ప్రపంచంలో 16,000కు పైగా, మన దేశంలో వెయ్యికి పైగా జాతులు పట్టికకెక్కాయి.

మనకెందుకు?

వీటిలో చాలా జాతులు ఆక్సిజన్ బాగా ఉన్న శుభ్రమైన నీటిలోనే బతుకుతాయి. నీరు చెడితే ముందుగా మాయమయ్యేవాటిలో ఇవీ ఉంటాయి. మన పక్కనున్న మేఘాద్రిగెడ్డ నీరు విశాఖ నగరం తాగుతుంది. నిన్న గెడ్డలో ఏ జాతులు ఉండేవో రాసి లేకపోతే, ఈ రోజు ఏవి పోయాయో ఎలా చెబుతాం?

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాళ్ళం మేమే. మా నాన్న పుట్టిన తేదీ ఏ రిజిస్టరులోనూ లేదు. అడిగిన ప్రతిసారీ ఒక సంవత్సరం ఊహించి చెబుతారు. రాయకపోతే ఏం పోతుందో మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

కాబట్టి తమ్ముళ్ళారా, సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు లోతులేని చోట, పెద్దవాళ్ళు తోడుండగా గెడ్డలో ఒక రాయి తిరగేయండి. కనిపించినదాని బొమ్మ గీసి, తేదీ, ఊరు రాయండి. రాయిని మళ్ళీ ఉన్నట్టే పెట్టండి. పేరు తెలియకపోయినా ఫరవాలేదు. పట్టిక మొదలయ్యేది అలాంటి నోటుపుస్తకంలోనే.