అమ్మ పిండివంటలు - దగ్గరి దారులు

సంక్రాంతికి అరిసెలు, ఉగాదికి బొబ్బట్లు, వినాయక చవితికి ఉండ్రాళ్ళు, పుట్టినరోజుకు పాయసం! తినేటప్పుడు నిమిషాల్లో అయిపోయే ఈ వంటల వెనుక గంటల తరబడి పని ఉంటుంది. చాలా ఇళ్ళలో ఆ పని అమ్మ ఒక్కతే చేస్తుంది. ఆఫీసుకో, బడికో, పొలానికో వెళ్ళివచ్చి, మామూలు వంట ముగించి, ఆ తరువాత మళ్ళీ పొయ్యి దగ్గర నిలబడుతుంది. అటువంటప్పుడు ఆమె దగ్గరి దారులు వెతుక్కోవడంలో వింత ఏముంది? కుక్కరు, పాలపొడి, కండెన్స్‌డ్ మిల్కు డబ్బా, చిటికెడు వంటసోడా - ఇవన్నీ అటువంటి దారులే.

అయితే దగ్గరి దారులన్నీ ఒకటి కావు. కొన్ని మనల్ని త్వరగా గమ్యం చేరుస్తాయి. మరికొన్ని నడిదారిలో వదిలేస్తాయి. అప్పుడు పాయసం విరుగుతుంది, పప్పు ఉడకదు, అరిసెలు నూనెలో విడిపోతాయి. అమ్మ శ్రమ, సరుకులు, గ్యాసు అన్నీ వృథా అవుతాయి. ఏ దారి ఎటువంటిదో ముందుగా తెలుసుకోవడం ఎలా?

ఒక ప్రశ్న వేసుకుంటే చాలు. పాత పద్ధతిలో పట్టే ఆ సమయంలో అసలు ఏం పని జరుగుతోంది? అదే పనిని మరొక విధంగా జరిపించే ఉపాయం మంచిది. ఆ పనిని జరగనివ్వని ఉపాయం మంచిది కాదు. ఈ ప్రశ్న చేతబట్టుకొని ఒకసారి వంటింట్లోకి వెళదాం.

పాకం అంటే నీటిని సాగనంపడమే

బెల్లమో చక్కెరో నీళ్ళలో కరిగించి మరిగిస్తే పాకం వస్తుంది. అక్కడ జరుగుతున్న ముఖ్యమైన పని నీరు ఆవిరి కావడం. నీరు తగ్గినకొద్దీ ద్రావణం చిక్కనవుతుంది. చిక్కనయినకొద్దీ దాని మరుగు స్థానం పెరుగుతుంది. మంచినీరు 100 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మరుగుతుంది గదా. నూటికి 50 వంతుల చక్కెర ఉన్న ద్రావణం సుమారు 102 డిగ్రీల వద్ద మరుగుతుంది. చక్కెర 85 వంతులకు చేరేసరికి 112 నుంచి 116 డిగ్రీల దాకా వస్తుంది. అప్పుడు ఒక చుక్కను చల్లని నీళ్ళలో వేస్తే మెత్తని ఉండ కడుతుంది. అరిసెలకు కావలసిన ఉండపాకం ఇదే. ఇంకా మరిగి 146 డిగ్రీలు దాటితే నీరు నూటికి ఒక వంతు మాత్రమే మిగులుతుంది. ఆ పాకం చుక్క నీళ్ళలో పడగానే గట్టిపడి, పళ్ళెం మీద వేస్తే టంగుమంటుంది. వేరుశనగ అచ్చులకు పనికివచ్చేది అదే. ఇవి శుద్ధమైన చక్కెరకు చెప్పిన లెక్కలు. బెల్లంలో ఇతర పదార్థాలు కూడా ఉంటాయి కనుక కొద్ది తేడా వస్తుంది.

అంటే మీ అమ్మమ్మ గిన్నెడు నీళ్ళలో పాకం చుక్క వేసి వేళ్ళతో ఉండచేసి చూసేటప్పుడు, థర్మామీటరు లేకుండానే ద్రావణపు గాఢతను కొలుస్తున్నదన్నమాట.

ఇక్కడ మంచి ఉపాయం ఏమిటి? మొదటే నీళ్ళు తక్కువ పోయడం! పోసిన ప్రతి గ్లాసునూ తిరిగి ఆవిరి చెయ్యాలి. లెక్క వేసి చూడండి. అదనంగా పోసిన 200 గ్రాముల నీటిని 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు వేడిచెయ్యడానికి 200 × 70 = 14,000 కేలరీలు చాలు. కాని ఆ నీటిని ఆవిరిగా మార్చడానికి గ్రాముకు 540 కేలరీల చొప్పున 1,08,000 కేలరీలు కావాలి. అంటే దాదాపు ఎనిమిది రెట్లు! మరిగే నీటిలో చక్కెర తన బరువులో అయిదో వంతు నీటిలోనే కరగగలదు. కాబట్టి కిలో చక్కెరకు చెంబెడు నీళ్ళు పోయనక్కరలేదు, ఒక గ్లాసు చాలు.

మరి మంట పెంచితే? మొదట్లో పెంచవచ్చు. చివర మాత్రం తగ్గించాలి. నీరు కొద్దిగా మిగిలినప్పుడు ఉష్ణోగ్రత చకచకా పైకి పోతుంది. కన్నుమూసి తెరిచేలోగా ఉండపాకం ముదురుపాకమై కూర్చుంటుంది. పోనీ, తొందరపడి లేతగా ఉండగానే దించేస్తే? పిండి జారుగా ఉండి అరిసెలు నూనెలో విడిపోతాయి. నీరు ఎక్కువగా మిగిలినందువల్ల నిలవ కూడా ఉండవు. చిక్కని చక్కెర ద్రావణం ద్రవాభిసరణం వల్ల సూక్ష్మజీవుల కణాలలోని నీటిని బయటికి లాగేస్తుంది. అందుకే సరయిన పాకంలో బూజు పెరగలేదు. లేతపాకంలో పెరగగలదు.

పాలకోవా - రెండు దారులు

గేదె పాలలో నూటికి సుమారు 83 వంతులు నీరే. లీటరు పాలనుంచి పావుకిలో లోపే కోవా వస్తుంది. అంటే ముప్పావు కిలో నీరు ఆవిరై పోవాలి. పైన చెప్పిన లెక్క ప్రకారం అందుకు నాలుగు లక్షల కేలరీలు కావాలి. పైగా పాలలోని మాంసకృత్తులు అడుగంటి మాడకుండా కలుపుతూనే ఉండాలి. అమ్మ చేయి నొప్పి పుట్టేది ఇక్కడే.

మొదటి దారి వెడల్పు మూకుడు. అది మంటనుంచి ఎక్కువ వేడిని అందుకుంటుంది. పాల ఉపరితలం కూడా పెరుగుతుంది. ఇరుకు గిన్నెలో పాలు పొంగుతాయన్న భయంతో మంట తగ్గించాలి. వెడల్పు మూకుడులో అంత భయం లేదు. ఒక్క పైసా ఖర్చులేని ఉపాయమిది.

రెండవ దారి కండెన్స్‌డ్ మిల్కు లేక పాలపొడి. ఇందులో మోసమేమీ లేదు. అమ్మ ఆవిరి చెయ్యవలసిన నీటిని ఫ్యాక్టరీవారు ముందుగానే ఆవిరి చేశారు, అంతే. వారు మూసిన పాత్రలోని గాలిని తోడివేసి పీడనం తగ్గిస్తారు. పీడనం తగ్గితే నీరు 100 డిగ్రీలకన్న చాలా తక్కువ వేడికే మరుగుతుంది, పాలు మాడవు. అమెరికాలో గెయిల్ బోర్డెన్ ఈ పద్ధతికి 1856లో పేటెంటు పొందాడు. అయితే రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. తీపి కండెన్స్‌డ్ మిల్కులో చక్కెర ముందే దండిగా ఉంటుంది. దానికి మళ్ళీ మామూలు కొలత చక్కెర పోస్తే వెగటే. రెండవది, మూకుడులో నెమ్మదిగా మరిగేటప్పుడు పాలచక్కెర, మాంసకృత్తులు కలిసి లేత గోధుమరంగునూ కమ్మని వాసననూ పుట్టిస్తాయి. 1912లో దీనిని వివరించిన ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుని పేరుతో దీనిని మయ్యార్ చర్య అంటారు. డబ్బా పాలను కూడా మూకుడులో కొద్దిసేపు కలియబెడుతూ వేడిచేస్తే ఆ కమ్మదనం కొంతవరకు దక్కుతుంది.

కుక్కరు చేసే సాయం

బొబ్బట్లకు, బూరెలకు పూర్ణం కావాలి. దానికి శనగపప్పు మెత్తగా ఉడకాలి. ఇక్కడ సమయం చేసే పని వేడి చేత పప్పు కణాల గోడలను సడలించి, లోపలి పిండిపదార్థాన్ని ఉబ్బించడం. కుక్కరులో ఆవిరి బయటికి పోక పీడనం పెరుగుతుంది. పీడనం వాతావరణ పీడనానికి రెండింతలయితే నీరు 120 డిగ్రీల వద్ద గాని మరగదు. ఆ 20 డిగ్రీల తేడా వల్లనే ఉడకడం ఎన్నో రెట్లు త్వరగా జరుగుతుంది. డెనిస్ పాపిన్ అనే శాస్త్రజ్ఞుడు 1679లోనే ఈ సూత్రంతో ఒక పాత్ర తయారుచేశాడు. పని ఎగవేయడం లేదు, త్వరపడుతోంది. కనుక ఇది మంచి దారి.

కాని ఒక మాట. విజిల్ వచ్చాక కూడా పెద్ద మంట మీదే ఉంచితే పప్పు ఇంకా త్వరగా ఉడుకుతుందా? ఉడకదు. లోపలి పీడనం పెరగదు కనుక ఉష్ణోగ్రత కూడా పెరగదు. అదనపు గ్యాసంతా కూతగా గాలిలో కలిసిపోతుంది. విజిల్ రాగానే మంట తగ్గించాలి.

అన్నీ ఒకేసారి వేసేస్తే?

"పప్పు, బెల్లం కలిపి కుక్కరులో పడేస్తే ఒక పని తగ్గుతుంది గదా!" అనిపించవచ్చు. ఇది నడిదారిలో వదిలేసే ఉపాయం. పప్పు ఉబ్బడానికి నీరు కావాలి. బెల్లంలోని చక్కెర ఆ నీటిని తానే పట్టి ఉంచుతుంది. బెల్లంలోని కాల్షియం పప్పు కణాలను అతికించి ఉంచే పెక్టిన్‌ను మరింత గట్టిపరుస్తుంది. ఫలితంగా పప్పు పలుకుగానే ఉండిపోతుంది. మొదట పప్పు ఉడకాలి, తరువాతనే బెల్లం.

పప్పు త్వరగా ఉడకడానికి వంటసోడా వేసేవారూ ఉన్నారు. నిజమే, క్షారం పెక్టిన్‌ను త్వరగా కరిగిస్తుంది. కాని అదే క్షారం పప్పులోని థయమిన్ అనే బి1 విటమినును నాశనం చేస్తుంది. సమయం మిగిలినట్లే కనిపించినా, పప్పు తిని మనం పొందవలసినది పోయింది. కాసేపు నానబెడితే సోడా అవసరమే ఉండదు.

పాయసం ఎందుకు విరుగుతుంది?

బెల్లానికి కొద్దిగా ఆమ్లగుణం ఉంటుంది. చల్లని పాలు ఆ కొద్ది ఆమ్లానికి తట్టుకుంటాయి. మరిగే పాలలో మాత్రం కేసీన్ అనే మాంసకృత్తు చాలా సులభంగా ముద్దకడుతుంది. అదే విరగడం. అన్నం పాలలో ఉడికాక పొయ్యి మీదనుంచి దించి, కొంత చల్లారాక, విడిగా కరిగించి వడగట్టిన బెల్లం కలిపితే విరగదు. ఇక్కడ ఆగడమే పని. పావుగంట మిగుల్చుకోబోయి లీటరు పాలు పోగొట్టుకోవడం తెలివైన పని కాదు.

చేతి సమయం, గడియారం సమయం

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. వంటలో రెండు రకాల సమయాలున్నాయి. కోవా కలపడం, అరిసెలు ఒత్తడం వంటి వాటిలో అమ్మ చేతులు కదులుతూ ఉండాలి. అది చేతి సమయం. బియ్యం నానడం, పప్పు నానడం, పాయసం చల్లారడం వంటివి తమంతట తామే జరుగుతాయి. అది గడియారం సమయం. అమ్మను అలసట పెట్టేది మొదటిదే. మంచి ఉపాయాలు చాలావరకు చేతి సమయాన్ని తగ్గించి, గడియారం సమయాన్ని వాడుకుంటాయి. రాత్రి పడుకోబోయే ముందు పప్పు నానబెట్టడానికి రెండు నిమిషాలు చాలు. తెల్లవారేదాకా నీరు ఆ పని చూసుకుంటుంది. దానికి బదులు అరిసెలకు బియ్యం నానబెట్టకుండా పొడి పిండి తెచ్చి కలిపితే, ఆ పిండి పాకంలోని నీటినే పీల్చుకుంటుంది. అరిసెలు బిరుసెక్కుతాయి.

చేతి సమయాన్ని తగ్గించే ఉపాయం మరొకటి ఉంది. దానికి ఏ యంత్రమూ అక్కరలేదు. అది మీ రెండు చేతులు. బెల్లం తరగడం, యాలకులు దంచడం, కొలతలు కొలవడం, కోవా మూకుడు దగ్గర వంతులవారీగా గరిటె తిప్పడం అబ్బాయిలూ అమ్మాయిలూ అందరూ చేయగల పనులే. నాలుగు చేతులు కలిస్తే పాకం ముదరకముందే పిండి కలపడం పూర్తవుతుంది.

జాగ్రత్త! పాకం మరుగునీటికన్న వేడిగా ఉంటుంది, పైగా చర్మానికి అంటుకుంటుంది. పెద్దలు పక్కన లేకుండా దానిని ముట్టవద్దు. ఒకవేళ మీద పడితే వెంటనే కాలిన చోటును 20 నిమిషాలు చల్లని కుళాయి నీటి కింద ఉంచాలి. బడిలోని థర్మామీటరును పాకంలో పెట్టవద్దు. చాలావాటికి గీతలు 110 డిగ్రీల వరకే ఉంటాయి. అంతకుమించితే పగిలిపోతాయి.

చేసి చూడండి

1. ఒక వెడల్పు పళ్ళెంలోనూ, ఒక గ్లాసులోనూ సమానంగా నీళ్ళు కొలిచి పోసి ఎండలో ఉంచండి. రెండు గంటల తరువాత మళ్ళీ కొలవండి. ఎందులో ఎక్కువ తగ్గాయి?

2. దోసకాయ ముక్కలను రెండు గిన్నెలలో వేసి, ఒక గిన్నెలో రెండు చెంచాల చక్కెర చల్లండి. గంట తరువాత ఏ గిన్నెలో నీరు ఊరింది? ఆ నీరు ఎక్కడినుంచి వచ్చింది?

ఆలోచించండి

1. కొండల మీది ఊళ్ళలో పప్పు ఉడకడానికి కుక్కరు మరింత అవసరం. ఎందుకు?

2. చక్కెర పాకంలో రెండు చుక్కల నిమ్మరసం వేస్తే అది గడ్డలు కట్టకుండా ఉంటుంది. చక్కెర ఆమ్లంలో గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడిపోతుందని మీరు చదువుకున్నారు. ఈ రెండు సంగతులకు సంబంధం ఏమిటి?

3. మీ ఇంట్లో వాడే ఒక దగ్గరి దారిని ఎంచుకోండి. పాత పద్ధతిలో ఆ సమయం చేసే పని ఏమిటో అమ్మను అడిగి రాయండి. కొత్త దారిలో ఆ పని జరుగుతోందా, లేదా?